డ్యూటీకి పోయిన నీటిమొక్కలు

మా చిన్నప్పుడు నాయిన ఒక్కడే డ్యూటీకి పోయేవాడు కాదు... మా చేపలు కూడా పోయేవి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మూతకు చిల్లులు కొట్టిన పాలక్యానులో సగం నీళ్లు, అందులో ఆరేడు గప్పీలు... స్కూటర్ ముందు పెట్టుకుని పటాన్‌చెరు వైపు బయలుదేరేవాడు.

నాయిన ఒక మందుల ఫ్యాక్టరీలో మురికినీళ్లు శుభ్రం చేసే ప్లాంటులో ఆపరేటర్. అక్కడ నీళ్లు వాగులోకి వదిలే చోట చిన్న గాజుతొట్టి ఉండేది. శుభ్రం చేసిన నీళ్లే అందులో పోసి చేపలను వదలాలి... తనిఖీకి వచ్చిన పొల్యూషన్ బోర్డు సార్లు అవి ఈదుతుంటే చూసి, నీళ్లు బాగున్నాయని రాసుకోవాలి. ఆ చేపలను మేం ఇంట్లో పెంచి పంపేవాళ్లం. పోయినవి మళ్లీ ఎందుకు రావని అడిగితే, అక్కడే సుఖంగా ఉన్నాయనేవాడు నాయిన. నమ్మాను, పిచ్చిదాన్ని.

నాకు పదేళ్లప్పుడు ఒక సార్ ఆ తొట్టిలో ప్లాస్టిక్ మొక్కలు చూసి, నీళ్లు అంత మంచివైతే నిజం మొక్కలు వేయొచ్చుగా అన్నాడట. మేనేజర్ ఆ పని నాయిన నెత్తిన పెట్టాడు. నాయిన వేసినవి నాలుగు రోజులు కూడా ఆగలేదు... ఆకులు జిగురైపోయి, కాడ పట్టుకుంటే ఊడి చేతికొచ్చేవి. చేపలైతే మార్చేయొచ్చు. మొక్క పాతుకుని కనిపించాలి కదా! ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

ఉపాయం చెప్పింది నేనే. ఇప్పటికీ ఆ తెలివికి నన్ను నేను తిట్టుకుంటాను.

దీపావళికి వాడి అటక మీద పడేసిన ప్రమిదలు దించాను. వాటిలో మట్టి, పైన జల్లించిన ఇసుక వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో మొక్క నాటాను. మా ఇంటి తొట్టిలో ప్లాస్టిక్‌వన్నీ తీసేసి వీటిని దించాను. మంజీర నల్లా నీళ్లు ఒక రోజు బకెట్లో నిలవబెట్టి పోసేదాన్ని. పదిహేను రోజులకు వేళ్లు ప్రమిద అంచు దాటాయి... రిబ్బన్ల లాంటి ఆకులు పైదాకా లేచాయి. ట్యూబ్‌లైటు వేస్తే ఆకుల మీద సన్నని బుడగలు. గప్పీ పిల్లలు ఆ సందుల్లో దాక్కునేవి. బడి నుంచి రాగానే సంచి పడేసి తొట్టి ముందు కూలబడేదాన్ని... అన్నం కూడా అక్కడే.

తనిఖీ రోజు పొద్దున ఆ మొక్కను ప్రమిదతో సహా తీసుకెళ్లి ఫ్యాక్టరీ తొట్టిలో దించి, ప్రమిదను గులకరాళ్ల కింద దాచేస్తే చాలు, అక్కడే పెరిగినట్టుండేది.

అదే వానాకాలం... ఫ్యాక్టరీకి దిగువన వాగు ఒడ్డున ఉన్న మా రెండెకరాల్లో వరి ఎర్రబడి మాడింది. బావినీళ్లు తోడితే నురగ. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. ఊరివాళ్లు అర్జీ పెట్టారు. మొదటి వేలిముద్ర మా నాయినమ్మది. కొడుకు అదే ఫ్యాక్టరీలో నౌకరీ చేస్తున్నా సరే, వేసింది. పెద్ద సార్ స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఆయన ఒకలా రాస్తే నాయినమ్మ బావి పోతుంది, ఇంకోలా రాస్తే నాయిన నౌకరీ పోతుంది.

పెద్ద సార్ వచ్చే రోజు ప్రమిదలు ఒరిగిపోకుండా పట్టుకోవడానికి స్కూటర్ వెనక నేను కూర్చున్నాను. మేం వెళ్లేసరికి గాజుతొట్టిలో పోయిన వారం పంపిన నా చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. నాయిన చాయ్ వడగట్టే జాలితో వాటిని తీసి కాగితంలో చుట్టాడు. నా వైపు చూడలేదు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

కొత్త చేపలు, కొత్త మొక్కలు సర్దాం. సార్ వచ్చాడు, వెంట మేనేజర్. ఊరివాళ్లను గేటు బయటే ఆపేశారు. సార్ వంగి చూసి, మొక్కలు ఏపుగా ఉన్నాయే, ఎవరు పెంచారని అడిగాడు. మేనేజర్ ఏదో చెప్పబోయేలోపు నేనే నోరు తెరిచాను.

"నేనే సార్. మా ఇంట్ల పెంచిన. పొద్దుగాల తెచ్చి పెట్టినం. చేపలు గూడ మాయే... గీ నీళ్లల్ల అన్నీ సచ్చిపోతున్నయ్."

నాయిన నౌకరీ పోయిందనుకున్నాను. పోతే పోయింది, బావి బతికిందనుకున్నాను.

సార్ నవ్వాడు. బాగా పెంచావమ్మా అని తల నిమిరాడు. జేబులోంచి పెన్ను తీసి, మొక్కలు పచ్చగా ఉన్నాయని, చేపలు చురుగ్గా ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. మేనేజర్ నాకు బిస్కెట్ ప్యాకెట్ ఇప్పించాడు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "నాయినా, సార్‌కు నా మాట ఇనవడలేదా?"

"ఇనవడ్డది బిడ్డా."

సాయంత్రం నాయినమ్మకు జరిగిందంతా చెప్పాను. ఎంత తిడుతుందో అనుకున్నాను. ఆమె అంతా విని, కొడుకు వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"నౌకరి ఉన్నదా?"

ఉందని తల ఊపాడు.

"సాలు తీయ్."

మర్నాడు పోయి బావిలోంచి మోటారు పైకి తీయించింది. ఆ చేను మళ్లీ ఎవరూ దున్నలేదు. ఇప్పుడక్కడ ప్లాట్లు.

నేను కిష్టారెడ్డిపేటలో ఫ్లాట్‌లో ఉంటున్నాను. మొన్న మా అమ్మాయి తన చిన్న తొట్టిలో ప్లాస్టిక్ మొక్కలు తీసేసి నిజంవి వేద్దామంది. తెచ్చాం... నాటింది అదే, నేను పక్కన కూర్చున్నానంతే. బాగానే పట్టాయి. ఆ ఫ్యాక్టరీ దగ్గర ఇప్పుడు గాజుతొట్టి లేదు, గేటు మీద నీళ్లు ఎంత శుభ్రమో చూపే పచ్చ అంకెలు వెలిగే బోర్డు పెట్టారు. ఆ అంకెలను ఎవరు పెంచి తెస్తున్నారో నాకు తెలియదు.

మా రోజుల్లో పిల్లలు పెద్దల ముందు నోరెత్తేవాళ్లు కాదంటారు... ఎత్తాం. మీలో ఎవరైనా అలా ఎత్తి ఉంటే, పెద్దవాళ్లు వినీ నవ్వి తల నిమిరి పంపేసి ఉంటే... ఆ మాట ఇక్కడ రాయండి. ఇన్నేళ్లకైనా ఒకరు వినాలి.