గుర్రం మీద మిగిలిన మనిషి

మా సంఘంలో ప్రభువు బల్లకు ముందటి శనివారం, ఎవరితోనైనా మాటలు లేనివాళ్లు ఆ ఇంటికి వెళ్లి సమాధానపడి రావాలి. వెళ్లనివాళ్లు రొట్టె ముట్టరు. నాన్న ఏళ్ల తరబడి ముట్టలేదు. నాయనమ్మ పోయినప్పుడు ఆయన పనిమీద దూరాన మౌల్మీన్ ఊళ్లో ఉన్నారు. వానలకు దారి మూసుకుపోయింది. శవాన్ని ఇక ఉంచకూడదని, నాన్న రాకముందే చిన్నాన్న సమాధి చేయించేశారు. అప్పటినుంచి మాటల్లేవు; పట్నానికి ఈ చివర పజుండౌంగ్‌లో మేము, ఆ చివర ఇన్సేన్‌లో వాళ్లు. ఆదివారపు బడిలో పిల్లలకు క్షమాపణ గురించి చెప్పే నాకు, ఇంట్లో ఆ మాట ఎత్తడానికి నోరు వచ్చేది కాదు. ప్రార్థన మాత్రం మానలేదు.

పోయిన వానాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం నాన్న తన కుర్రతనంలో చూసిన కౌబాయ్ సినిమా ఫోన్లో పెట్టమన్నారు. తుపాకుల సినిమాలంటే నాకు మనసొప్పదు. కానీ ఆయనకు కళ్లు మసక. తెరమీదిది నేనే చెప్పాలి. సరిహద్దు బీళ్ల కోసం కొట్లాట. అందులో తనవాళ్లందరినీ పోగొట్టుకున్న ఒక రైతు, చంపినవాణ్ణి వెతుకుతూ తిరుగుతాడు.

"ఈడేటి, తిండీ నిద్రా నేకుండా? గుర్రానికైనా గడ్డెట్టాడా?" అంది అమ్మ.

"నువ్వు సూడవే. ఇప్పుడు కాలుస్తాడు."

కాల్చాడు. నాన్న తొడ చరిచారు. సినిమా అక్కడితో అయిపోయినట్టే ఆయనకు గుర్తు. కాలేదు. వాడు మళ్లీ గుర్రమెక్కి, ఎటు తిప్పాలో తెలియక కళ్లెం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను అదే చెప్పాను.

"ఇంటికెల్లిపోవచ్చు కదా?" అంది అమ్మ.

"ఆడికి ఇల్లెక్కడిదే," అన్నారు నాన్న.

తెల్లారితే బల్లకు ముందటి శనివారం. ఉతికిన లుంగీ కట్టుకుని, "ఇన్సేన్ రైలు ఎన్నింటికమ్మా?" అని అడిగారు. రైల్లో ప్రార్థించబోయాను. ఏమని అడగాలో తెలియక కళ్లు మూసుకుని కూర్చున్నాను.

చిన్నాన్న గుమ్మంలో వక్క కత్తిరిస్తున్నారు. మమ్మల్ని చూసి లేచారు.

"ఏటన్నయ్యా, ఇన్సేన్‌కి తోవ ఇయ్యాల తెలిసిందేటి?"

మాట వెటకారమే, చేతులు మాత్రం అప్పటికే పీటను తువ్వాలుతో తుడుస్తున్నాయి.

నాన్న కూర్చోలేదు. "అమ్మని మట్టిలో పెట్టినప్పుడు ఏ పాట పాడేర్రా?"

తువ్వాలు ఆగిపోయింది. "పాటెత్తేవోడివి నువ్వే కదా. నువ్వు నేవు. నాకు గొంతు పెగల్నేదు. ఏదీ పాడనేదన్నయ్యా."

నాన్న పీట మీద మెల్లగా కూర్చుని, తమ్ముణ్ణి చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాట ఆయనే ఎత్తుకున్నారు. రెండో చరణానికి గాని చిన్నాన్న గొంతు కలవలేదు.