ముందు సీటు ఉద్యోగం

మా బంధువుల్లో ఎవరు ఎక్కడికి కారు మాట్లాడుకున్నా, దానికంటే ముందు నన్ను మాట్లాడుకుంటారు. బ్రేకులు పడుతున్నాయా, టైర్లలో గాలి ఉందా అన్నవి తర్వాతి సంగతులు. డ్రైవరు పక్క సీట్లో నేనున్నానా లేదా అన్నదే మొదటి సంగతి. డ్రైవరుకి కునుకు పట్టకుండా ఎడతెరిపి లేకుండా కబుర్లు చెప్పడం నా ఉద్యోగం. నా అర్హతల గురించి మా ఆవిణ్ణి అడగాలి. పెళ్ళైన కొత్తలో నేను మొదలుపెట్టిన కథొకటి ఇంకా అవ్వలేదంటుంది. ఈలోగా పిల్లలు కాలేజీలు కూడా దాటేశారు.

ఇంతటివాణ్ణి, ఆఫీసులో మధ్యాహ్నం భోజనం కాగానే మరో మనిషినైపోతాను. కళ్ళు తెరుచుకుని, పెన్ను పట్టుకుని, ఫైలు మీదికి భక్తిగా వంగి నిద్రపోగలను. మా పై అధికారి రెండుసార్లు నన్ను చూపించి మిగతావాళ్ళకి బుద్ధి చెప్పారు కూడా.

మొన్న శ్రావణంలో నరసాపురం దగ్గర పల్లెలో పెళ్ళికి నేను, మా ఆవిడ, మా పిన్ని రాజమండ్రి నుంచి అద్దె కారులో వెళ్ళాం. డ్రైవరు గారు యాభై దాటిన సన్నపాటి మనిషి. చొక్కా ఇస్త్రీ మడత మీద కొబ్బరికాయ కొట్టొచ్చు. కళ్ళు మాత్రం యానాం వెళ్ళి తాగొచ్చిన వాళ్ళ కళ్ళలా ఎర్రగా ఉన్నాయి. పాపం, ఆయన టీ తప్ప ఏదీ ముట్టరట. ముహూర్తాల రోజులు కదా. మా వైపు ముహూర్తాలు మొదలైతే కాళ్ళూ చేతులూ ఉన్న ప్రతివాడూ పెళ్ళి చేసుకుంటాడు, డ్రైవర్లకి మంచం అనే వస్తువు ఎలా ఉంటుందో మర్చిపోవాల్సిందే. ముందురోజు ఒక పెళ్ళివారిని దింపి, రాత్రికి ఇంకెవరినో పిఠాపురం తీసుకెళ్ళి, అట్నుంచటే మా ఇంటికొచ్చేశారు.

"నిద్ర లేనట్టుంది?" అన్నాను ఎక్కుతూ.

"ఆయ్, అలవాటేనండి" అన్నారు.

వెళ్ళడం బాగానే వెళ్ళాం. ముప్పంతా పెళ్ళివారి ప్రేమ వల్ల వచ్చింది. కారు తోలుకొచ్చిన మనిషిని అర్ధాకలితో పంపితే మా వైపు ఇంటి పరువు పోతుంది. మేం భోంచేశామో లేదో ఎవరూ చూడలేదు గానీ, పెళ్ళికూతురి మేనత్త డ్రైవరు గారి విస్తరి ముందు కాపలా నిలబడింది. ముద్దపప్పు, ఆవకాయ, కందబచ్చలి కూర, పులిహోర, ఆవడలు. వాటి మీద బూరెలు. ఒక్కో బూరెకి చిల్లు పెట్టి అందులో నెయ్యి పోసింది. ఆ నెయ్యి చేలో పారిస్తే అరెకరం నాట్లకి సరిపోయేది.

"చాలమ్మా, చాలు" అంటున్నారాయన, విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి.

"ఏం చాలు? మా వాళ్ళని క్షేమంగా దింపాల్సినోడివి. బండికి పెట్రోలు పోసి నీకు నెయ్యి పొయ్యకపోతే ఎలా?" అని వేళ్ళ సందుల్లోంచే పోసేసింది.

రెండు పూటలుగా నిద్ర లేని మనిషికి, మిట్టమధ్యాహ్నం, క్షేమం కోరి ఆవిడ పెట్టిన భోజనం అది. చెయ్యి కడుక్కుని కారు దాకా రావడానికి ఆయనకి పట్టిన సమయంలో ఇంకో పెళ్ళి జరిపించొచ్చు.

పాలకొల్లు దాటాం. పక్కన కాలవ ఎర్రటి నీళ్ళతో గట్టు అంచు దాకా నిండి పారుతోంది. నేను ఉద్యోగంలోకి దిగాను. మా మేనమామ గేదె గోదారి ఈది అవతలి జిల్లాలో ఈనిన వైనం చెప్పాను.

"ఆయ్" అన్నారు డ్రైవరు గారు.

దాని పాలకోసం రెండు జిల్లాల కలెక్టర్లూ తగువుపడ్డారన్నాను.

"ఆయ్."

ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో! ఉత్సాహం పట్టలేక అడిగాను. "మీకు పిల్లలెంతమందండి?"

"ఆయ్."

చప్పున ఆయన వైపు తిరిగి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. తల భక్తిగా ముందుకి వంగి ఉంది. అచ్చం ఆఫీసులో నేను! ఎడమ చక్రాలు రోడ్డు దిగి గడ్డిలో పడ్డాయి. గట్టు మీది కొంగ లేచిపోయింది.

"అదిగో, బస్సు!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి స్టీరింగు తిప్పి, కారుని రోడ్డెక్కించారు. "చూశానండి" అన్నారు. కనుచూపు మేరలో బస్సే లేదు.

వెనకనుంచి మా ఆవిడ నా భుజం గిల్లింది. "ఏవండీ, ఆపించండి."

చెప్పినంత తేలిక కాదు. మా వైపు డ్రైవరుని పట్టుకుని 'మీరు తూగుతున్నారు' అనడమంటే వంటాయన్ని పట్టుకుని 'మీకు వంట రాదు' అన్నట్టే. అందుకని డొంకతిరుగుడుగా వెళ్ళాను.

"బొండాలు తాగుదామాండి?"

"వద్దండి, పోదామండి. సాయంత్రం ఇంకో పెళ్ళికొడుకుని ఎక్కించుకోవాలండి. నేను లేటైతే మా ఓనరు బండి ఇంకోళ్ళకిచ్చేస్తాడండి. అలా ఒక్కసారి ఇచ్చాడంటే మళ్ళీ పిలవడండి." తడి తువ్వాలు మెడకి చుట్టుకున్నారు. లవంగం ఒకటి బుగ్గన పెట్టుకున్నారు. ఎడంచేత్తో తొడ మీద గట్టిగా గిచ్చుకున్నారు. అక్కడ ప్యాంటు గుడ్డ నలిగి ముద్దై ఉంది. పొద్దుటినుంచీ గిచ్చుకుంటూనే ఉన్నట్టున్నారు. నా గేదె కథలో లీనమైపోయారనుకున్నానే గానీ, ఈ చెయ్యిని నేను చూడనేలేదు.

"నాకే నిద్రొస్తోందండి. కూర్చుంటే పట్టదు, నడుం వాల్చాలి. ఆపకపోతే మీ మీదే వాలిపోతాను" అన్నాను. నా బరువు ఓసారి చూసి ఆయన వెంటనే ఆపేశారు.

రోడ్డు పక్క బొండాల పాక. అమ్మేవాడి నులకమంచం ఖాళీగా ఉంది. నేను దాని మీద పడి గుర్రు నటించాను. పాక మీది తాటాకులు లేచాయని మా ఆవిడ తర్వాత చెప్పింది. నన్ను చూసి ఆయనకీ నిద్రొస్తుందని నా ఎత్తు. ఒక కన్ను తెరిచి చూద్దును కదా, డ్రైవరు గారు బల్ల మీద నిటారుగా కూర్చుని, మర్యాదగా, నా మీద వాలే ఈగల్ని తువ్వాలుతో తోలుతున్నారు.

ఇక మా పిన్ని వల్ల కాలేదు. "లేరా, దున్నపోతా!" అని నన్ను లేపి, ఆయన వైపు తిరిగింది. "నాయనా, వీడికి మొహమాటం, నాకు లేదు. నీకు నిద్రొస్తోంది. పడుకో."

"మా ఓనరుకి తెలిస్తే..."

"కాలవలో పడితే తెలీదా?"

ఆయన మా అందరి మొహాలూ చూశారు. చెప్పులు విప్పి, మంచం కిందికి జాగ్రత్తగా జరిపి, పడుకున్నారు. తల ఆనేలోపే నిద్రపోయారు. నిద్రలో నోరు తెరుచుకుంటే లవంగం జారి చెంపకి అంటుకుంది. మా ఆవిడ తీసి పారేసింది.

ఆయన గాఢనిద్రలో ఉండగా ఫోను మోగింది. ఓనరు. ఆయన్ని లేపడానికి మనసొప్పక నేనే ఎత్తాను.

"ఎక్కడున్నార్రా?" అంది ఫోను.

"పంక్చరైందండి" అన్నాను. ఒక్కటైతే నమ్మడేమోనని, "రెండు టైర్లూ" అని కలిపాను. ఓనరు కేకలు మొదలుపెట్టాడు. నేను మర్యాదగా పెట్టేశాను.

లేచాక ఆయనకి ఈ ఘనకార్యం గర్వంగా చెప్పాను. 

"ఎంత పని చేశారండీ! మొన్నేనండి నాలుగూ కొత్త టైర్లు ఏయించాడు. బండి ఎక్కడో గుద్దేశాననుకుంటాడండి. ఇంక నాకు బండెక్కడిస్తాడండీ?"

నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ అటువంటి దృశ్యం మొదటిసారి చూసింది.

ఆయన కాలవలో మొహం కడుక్కొచ్చి, మాకు కొంచెం దూరంగా నిలబడి, ఫోను చేశారు.

"పంక్చరు కాదండి. ఆ సారు ఊరికే అన్నారండి. నిద్రొచ్చిందండి. ఆపి పడుకున్నానండి."

అవతల కేకలు మా దాకా వినబడ్డాయి. కేకలు ఆగాయి. ఆయన ఒక్కోదానికీ జవాబు చెబుతున్నారు. "బండికేం కాలేదండి... మనుషులు బానే ఉన్నారండి, బొండాలు తాగుతున్నారండి... నిన్న పొద్దుటి నుంచండి... లేదండి, ఇంటికెళ్ళలేదండి... ఆయ్... ఆయ్."

ఫోను జేబులో పెట్టుకుని, తువ్వాలు కాలవ నీళ్ళలో ముంచారు.

"ఏమన్నాడు నాయనా?" అంది పిన్ని.

"సాయంత్రం పెళ్ళికొడుకు దగ్గిరికి మా ఓనరు ఆళ్ళ తమ్ముణ్ణి పంపుతాడంటండి. నన్ను మిమ్మల్ని దింపేసి ఇంటికెళ్ళి పడుకోమన్నాడండి. రేపు ఎండెక్కాకే రమ్మన్నాడండి." తువ్వాలు పిండుతూ, మళ్ళీ అనుమానంగా అడిగారు. "తిట్టాడంటారాండి?"

"రమ్మన్నవాడు తిట్టినా ఫరవాలేదు" అంది పిన్ని.

ఆయన కారు వైపు రెండడుగులు వేసి ఆగారు. మంచం వైపు చూశారు.

"అయితే అమ్మగారూ, తొందరేం లేదు కదండి... ఇంకాసేపు పడుకోనాండి?"