జీపుకు కట్టిన తెరచాప

విజయనగరంలో ఒక కలప కాంట్రాక్టరు వదిలించుకున్న పాత జీపును మా ఆయన కొనుక్కొచ్చిన రోజున ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. యుద్ధకాలం నాటి బండి. స్టీరింగు ఎడమవైపు. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన చోటల్లా లోపల ఇంకో ఆకుపచ్చ కనబడేది. ఎచ్చెర్ల దాటి మా ఊరి మలుపు తిరిగేసరికి ఆగిపోతే, మా ఎడ్లే దాన్ని పశువులశాల పక్కకు లాక్కొచ్చాయి.

"దీంతో కాశీ ఎల్తావేటిరా?" అని అడిగింది అత్త.

"నానొక్కణ్ణే కాదు. నువ్వూ వస్తావు" అన్నారాయన.

అత్త మాత్రం నవ్వలేదు. ఆవిడకు ఎడ్లబండి తప్ప ఏ బండీ పడదు. బస్సెక్కితే ఊరు దాటకముందే వాంతులు. ఒకసారి మావయ్యతో కలిసి కాశీకి రైలెక్కింది కూడా. నౌపడ వచ్చేసరికి మనిషి తోటకూరకాడలా వడిలిపోయింది. ఇంక లాభం లేదని ఆవిణ్ణి అక్కడ దింపేసి, ఊళ్ళో ఉన్న చుట్టాలకు అప్పజెప్పి, మావయ్య మిగతా వాళ్ళతో ముందుకెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ కాశీ గురించి చెబుతూనే ఉండేవారు, ఆవిడ వింటూనే ఉండేది. మావయ్య పోయాక ఓ మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ నాతో అంది, "నాను సూడకుండానే పోతాను గావాల." ఆ మాట నేను మా ఆయన చెవిన వేశాను. జీపు అలా వచ్చింది. అత్త కూర్చోగలిగితేనే ప్రయాణం. ఆవిడ వెళ్ళకపోతే నన్ను తీసుకెళ్ళేవారెవరూ లేరు కాబట్టి నా స్వార్థం కూడా అందులో ఉందని ఒప్పుకోవాలి.

కోతలు, నూర్పులు అయ్యాక రెండు నెలలు మా పశువులశాల జీపుకే అంకితమైంది. ఇంజను సంగతి మా ఆయన చూసుకున్నారు. వెనక ఇనప సీటు ఒకటి ఊడదీయించి, దాని బదులు కర్ర చట్రం బిగించి, నేనే నులక అల్లాను. కుదుపంతా నులకే తింటుందని నా లెక్క. పెట్రోలు డబ్బాలు లోపల ఉంటే అత్త ముక్కు ఊరుకోదు గనక, కమ్మరి చేత పాత ఎడ్లబండి చక్రపు ఇనప పట్టాతో కొక్కేలు చేయించి వాటిని బండి వెనక బయటికి తగిలించాం. తాగే నీళ్ళకు మిలట్రీ డబ్బా తెస్తే అత్త దాన్ని ముట్టుకోలేదు. "ఎవులు తాగేరో, అందులో ఏటి పోసేరో!" అంది. సరేనని ఇత్తడి బిందెకు కర్రతో కుదురు చేయించాం. ఆవకాయ జాడీ ఊక పోసిన పెట్టెలోకి వెళ్ళింది. ఇనప కుంపటి, బొగ్గుల బస్తా, స్పేరు ట్యూబులు, జాకీ, రెండు కమాను పట్టీలు నులక కిందికి చేరాయి. చివరికి నాకు మిగిలిన చోటు ఆవకాయ పెట్టెకూ స్పేరు టైరుకూ మధ్య జానెడు. "నువ్వు సన్నగానే ఉన్నావు కదా" అన్నారాయన. పెళ్ళయ్యాక నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఇంత చేసి మొదటిసారి అత్తను ఎక్కించుకుని శ్రీకాకుళం వైపు బయల్దేరితే, నాగావళి వంతెన దాకా కూడా వెళ్ళలేకపోయాం. దారి పక్కన కూర్చుని ఆవిడ కక్కుకుంటూ ఉంటే నేను వీపు రాస్తూ నిలబడ్డాను. "నా వల్ల కాదురా, మీరిద్దరూ ఎల్లండి" అంది. నౌపడలో లాగే మళ్ళీ ఆవిడే ఆగిపోతుంటే నాకు చాలా బాధేసింది. మా ఆయన మాత్రం బండి పైకప్పును తిట్టుకున్నారు. నూనె కంపు కొట్టే పాత కాన్వాసు అది. తప్పంతా దానిదేనని తేల్చేశారు.

శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున తెరచాపలు కుట్టే తాత ఒకడుండేవాడు. కొత్త కాన్వాసు తీసుకుని అతని దగ్గరికెళ్ళాం. తాత టేపు ముట్టలేదు. జీపు చుట్టూ తిరిగి చేతులు చాపి బారలతో కొలుచుకున్నాడు.

"గాలి ఎటునుంచి వస్తాది బాబూ?" అని అడిగాడు.

"ముందు నుంచే తాతా."

తాత జాలిగా నవ్వాడు. "ఎదురుగాలికి సాపెత్తుకుని ఎవుడెల్తాడు? నాను సూసుకుంటాను, నువ్వూరుకో."

మా ఆయన ఊరుకున్నారు. తప్పు అక్కడే జరిగింది. బండి పరుగెడితే దాని గాలి అదే పుట్టిస్తుందని, అప్పటికి జీపే ఎక్కని తాతకు ఎలా తెలుస్తుంది? ఎక్కిన మాకైనా తట్టాలి కదా! పది రోజుల్లో తాతే కప్పు మా ఊరు తెచ్చి బండికి కట్టాడు. వలలకు పెట్టినట్టే తుమ్మచెక్క కషాయం పెట్టాడేమో, ఎర్రగా, తడిసిన బెరడు వాసనతో ఎంతో బాగుంది. గాలి పట్టడానికి నడిమధ్య కాస్త కడుపు వదిలి మరీ కుట్టాడు.

తన పనితనం చూసుకోవడానికి తాత కూడా ముందు సీట్లో ఎక్కాడు. రోడ్డు మీద బండి వేగం అందుకుందో లేదో, కప్పు పూరీలా పొంగింది. కప్పు కింది కర్రలు కిర్రుమన్నాయి. మా ఆయన ఎంత తొక్కినా ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంది. అత్త కళ్ళు మూసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంక ఈవిడ పనయిపోయింది, నా కాశీ కూడా అయిపోయింది అనుకున్నాను.

"ఓలమ్మో! సాప దించీ, సాప దించీ!" అని తాత కేకలు పెడుతూ లేచి ఒక తాడు లాగాడు. పడవ ముళ్ళు ఒక్క లాగుకు ఊడిపోయేలా వేస్తారట. కప్పంతా వెనక్కి జారి డబ్బాల మీద కూలబడింది.

నెత్తిన ఆకాశం, మొహానికి గాలి. అత్త కళ్ళు తెరిచింది. కొంగు భుజం చుట్టూ బిగించుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. వాంతి లేదు, కళవళం లేదు.

"ఇప్పుడు బాగున్నాది" అంది. "పోనీ."

వంతెన దాటాం. శ్రీకాకుళం దాటాం. ఇంకో నాలుగైదు మైళ్ళు పోయాక మా ఆయన బండి తిప్పబోతే అత్త ఆపింది.

"ఈ రోడ్డు ఇలాగ పోతే ఏటొస్తాది?"

"టెక్కలి, ఇచ్ఛాపురం. అక్కణ్ణించి ఒరిస్సా."

"కాశీ?"

"ఇంకా పైకి. ఇదే దారమ్మా."

"మరి ఎనక్కెందుకు తిప్పుతన్నావు?"

"బియ్యం, బట్టలు ఇంకా ఇంటికాడున్నాయి."

"అయితే బేగెల్లి ఎక్కించు."

తాత కప్పును మడత పెడుతూ, తాడు లాగడానికి కప్పీ ఒకటి బిగిస్తే ఎండకు ఎత్తుకోవచ్చు, గాలి కావాలంటే దించుకోవచ్చు అన్నాడు. ఓడిపోయినట్టు ఎక్కడా కనబడలేదు.

తిరిగొస్తుంటే అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. "మీ మావ సెప్పిన కాశీ ఇన్నేళ్ళూ ఇన్నాను. ఇంక నాను సూసొచ్చి సెప్తానంటే, ఇనడానికి ఆయన లేడు."

నాకు ఏడుపొచ్చేసింది. "నాకు సెప్పత్తా, నాను ఇంటాను" అన్నాను.

"నువ్వు నా పక్కనే కూకుని సూస్తావు కదే," అంది అత్త, "నీకు సెప్పడమేటి?"