మగ్గం గదిలో మంచుకొండ

మొన్న పొద్దున టీవీలో ఉత్తరాది కొండల గురించి చెబుతున్నారు. భూమి వేడెక్కి అక్కడి మంచు ఏటేటా ఎట్లా వెనక్కి పోతోందో, వేళగాని వానలకు పాత రాతిగుళ్ల పునాదులు ఎట్లా కదులుతున్నాయో ఒకాయన తెర మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. నేను పొయ్యి మీద పోహా కలుపుతూ ఒక చెవి అటు పడేశాను. ఇంతలో ఒక కొండ వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. పట్టకేం, అదే కొండ మా హోట్గి రోడ్ ఇంట్లో సోఫా వెనక గోడకు వేలాడుతోంది! టీవీలో దానికి నెత్తిన మాత్రమే కాస్త తెలుపు ఉంది, మిగతాదంతా నల్లరాయి. మా గోడ మీది కొండకు మాత్రం మంచు కింది దాకా దిగి, ఒక గోధుమరంగు బండను ఆనుకుని ఉంది. అటూ ఇటూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. పోహా అడుగంటింది.

గోడ మీది కొండను నేసింది మా మేనత్త భర్త, అంటే మా మామయ్య. షోలాపూర్ దాజీ పేట్‌లో ఇప్పటికీ గుంట మగ్గం మీద బొమ్మల గుడ్డలు నేసే కొద్దిమందిలో ఆయనొకడు. ఈ గుడ్డల్ని మావైపు వాల్ పీసు అంటారు. దేవుళ్లు, నాయకులు, కోటలు, తాజ్‌మహల్, ఏది చెబితే అది దారంతో దించేస్తాడు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు, అదే చిక్కు. గదిలో నేల తవ్వి ఉంటుంది, ఆయన కాళ్లు ఆ గుంటలో పెట్టుకుని కూర్చుంటాడు. నేలలోని చెమ్మ పైకి వచ్చి పడుగు దారాలను మెత్తగా ఉంచుతుంది. గాలి తగిలితే దారం ఎండుతుందని కిటికీ తెరవనివ్వడు. ఇక ఆ గదికి ఉన్న అసలు చట్టం వేరు. మా అత్త బీడీలు చుడుతుంది. ఆమె చేట, తంబాకు, తునికాకు, ఏవీ ఆ గడప దాటకూడదు. తెల్లదారానికి తంబాకు అంటుకుంటే పోదని మామయ్య పట్టుదల. నలభై ఏళ్లుగా అత్త బయట రేకుల వసారాలోనే కూర్చుని చుట్టింది. ఎండాకాలం ఆ రేకుల కింద పెనం మీద కూర్చున్నట్టే ఉండేది. పాపం, ఒక్కరోజూ నోరు తెరిచి అడగలేదు.

కొన్నేళ్ల కిందట మేం ముగ్గురం ఆ కొండల యాత్రకు వెళ్లాం. అత్తకు మోకాళ్లు సహకరించక కింద చాయ్ దుకాణం దగ్గరే ఆగిపోయింది. మామయ్యా నేనూ ఆయాసపడుతూ పైకి ఎక్కాం. పైన ఒక పెద్ద బండ, దాని మీద కూలబడ్డాం. మంచు ఎక్కడ అని చూస్తే ఎక్కడో ఆకాశంలో తెల్లటి గీత. దారి చూపడానికి మాతో నడిచి వచ్చిన గుర్రాల పెద్దాయన, తన చిన్నప్పుడు మంచు ఈ బండ దాకా ఉండేదని, గుప్పిట్లోకి తీసుకుని తినేవాళ్లమని చెప్పాడు. ఇంత దూరం వచ్చి మంచును ముట్టుకోకుండా పోవడం మామయ్యకు పెద్ద అవమానం. కిందికి రాగానే అత్త ఆశగా అడిగింది. "ఎట్లుంది? చల్లగుందా?" అని. మామయ్య నా వైపు చూడకుండా "ఎక్‌దమ్ చల్లగుంది" అన్నాడు. నేను చాయ్ గ్లాసులో ముఖం దాచుకున్నాను.

షోలాపూర్ వచ్చినా ఆయన ఆ బండను మరవలేదు, ఎప్పుడూ మేం కూర్చున్న ఆ బండ మాటే. ఆ ముసలాయన చిన్నప్పుడు ఎట్లా ఉండేదో అట్లానే కొండను నేస్తానని కూర్చున్నాడు. గళ్ల కాగితం మీద మంచును కింది దాకా దించి గీశాడు. బండను మాత్రం, ఉత్త రాయి ఎందుకని వదిలేశాడు. అప్పటికి నీలం నగర్‌లో పవర్‌లూమ్ నడుపుతున్న మా బావ, అంటే వాళ్ల కొడుకు, ఆ మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేయిద్దామని రెండేళ్లుగా అడుగుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి రోజంతా గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం అతనికి ఇష్టం లేదు. మామయ్య రోషంగా, వానలు మొదలయ్యే మృగశిర కార్తెను గడువు పెట్టి, ఒక మాట ఇచ్చేశాడు. "మిరుగం లోపల ఈ కొండ దించకపోతే గుంత పూడ్చుకో పోరా. నేను ఒక్క మాట అన!"

అన్నాడుగానీ, ఆ ఏడు ఎండ సంగతి ఎవరికి తెలుసు? మాకు ఎండ కొత్తా? కానీ అది వేరే ఎండ. మార్చిలోనే నేల పగిలింది, గుంటలో చెమ్మ అన్నదే లేదు. పేక దారం మోసే నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పోతే చాలు, పడుగులో ఒక దారం టప్పున తెగేది. ముడి వేసేలోపు ఇంకొకటి. మామయ్య రోజుకు జానెడు నేసేవాడల్లా బెత్తెడుకు దిగాడు. మంచి మనసుతో బావ ఇంట్లో కూలర్ తెచ్చి మగ్గానికి ఎదురుగా పెట్టాడు. నేయడం తెలిసినవాళ్లు ఎవరైనా చేసే పనేనా అది? గాలికి దారాలు ఊగి ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి, తుంపరకు గంజి కరిగి అతుక్కుపోయాయి. మామయ్య నెత్తి కొట్టుకున్నాడు. "పడుగంత సేమియా చేసిండు గదనే!" అని. ఆ చిక్కు తీయడానికి మాకు రెండు రోజులు పట్టింది. మూడోనాడు ఆయన గుంటలోంచి కాళ్లు తీసి, వసారాలోకి వచ్చి, గోడకు చేరగిలబడ్డాడు. "ఇగ పూడ్చుమను" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చింది.

బీడీ ఆకు కత్తిరిస్తున్న అత్త చేతిలో కత్తెర ఆగింది. "ఆకు ఎండితే చీలుతది, నీ దారం ఎండితే తెగుతది. రెండింటిదీ ఒకటే రోగమయ్యా. నలభై ఏండ్ల సంది నా ఆకుకు నేనే మందు ఏస్తున్న. నీ దారానికి ఎయ్యరాదా?" అంది. తునికాకును నానబెట్టి తడి గోనెలో చుడితేనే చుట్టడానికి లొంగుతుంది. ఆ గోనెలు మగ్గం చుట్టూ పెడితే గాలి లేకుండానే దారానికి చెమ్మ అందుతుంది, కాకపోతే ఆ ఎండకు గంటకోసారి తడపాలి. అది ఎవరి వల్ల అవుతుందని మామయ్య గొణిగాడు. "మా చేతులెట్లాగు తడి మీదనే ఉంటయి" అని అత్త లేచింది. రోజూ తనతో ఆ రేకుల కిందే బీడీలు చుట్టే గల్లీ ఆడవాళ్లు ముగ్గురిని పిలిచింది. నలుగురూ ఆకుల మూటలతో, గోనెలతో ఆ గడప దాటి గుంట చుట్టూ కూర్చున్నారు. మట్టిగోడల గదిలోకి రాగానే ఒకామె "అరే బాప్‌రే, ఇంత సల్లగున్న జాగ పెట్టుకుని మమ్ముల రేకుల కింద ఏపినవా అన్నా?" అని అడిగింది. మామయ్య తల వంచుకుని నాడె అందుకున్నాడు.

తంబాకు మాత్రం బయటే అని ఒప్పందం. అయిదు రోజులు నిలిచింది. ఆరోనాడు చేటలు ఒక్కొక్కటే గడప దాటుకుని లోపలికి వచ్చాయి. దారం తెగడం తగ్గింది, గదిలో ముచ్చట్లు పెరిగాయి, మామయ్య జానెడు నేస్తూ వాళ్ల ఇళ్ల సంగతులన్నీ నేర్చుకున్నాడు. కొండ కింది పచ్చిక అయిపోయి మంచు మొదలైంది. నాలుగు వేళ్ల వెడల్పు తెలుపు పడ్డాక ఆయన మంచినీళ్లకని లేచాడు. తిరిగి వచ్చేసరికి అప్పుడే నేసిన ఆ మంచు అంచున వేలంత గోధుమరంగు తంబాకు మరక. అత్త చేయి వెనక్కి దాచుకుని నిలబడి ఉంది.

"ఎవరే ఇది చేసింది!" మామయ్య అరుపుకు ఇల్లు అదిరింది. ఆడవాళ్లు చేటలు ఎత్తుకున్నారు. అత్త చిన్నపిల్లలా "చల్లగుందా అని చూసిన" అంది. మామయ్య గుంట అంచున కూలబడ్డాడు. మెల్లగా, "నేను గూడ ముట్టలేదే. అబద్ధం చెప్పిన" అన్నాడు. అత్తకు నవ్వు ఆగలేదు. "నాకు తెల్వదా? ముట్టినోడివైతే ఊరంత చెప్పకపోదువా! మరి మీరు కూసున్న బండేది? అదే ఇది అనుకో" అంది. మామయ్య వంగి మరకను చూశాడు. గోధుమరంగు దారం కండె అడిగాడు. మరకనే అడుగు చేసుకుని దాని మీద బండ లేచింది.

మిరుగానికి మూడు రోజుల ముందే కొండ మగ్గం దిగింది. బావ మెచ్చుకున్నాడు, గుంట పూడ్చలేదు. ఇప్పుడు ప్రతి ఎండాకాలం నాలుగు చేటలూ ఆ గదిలోనే. మరి కొండ మా ఇంటికి ఎందుకొచ్చిందంటారా? "నా దగ్గరుంటే రోజు ముట్టుకుంట, నల్లగైతది. నీ తాన పెట్టుకో బిడ్డా" అని అత్తే పంపింది. అయినా వచ్చిన ప్రతిసారీ చెప్పులు విడవగానే నేరుగా ఆ గోడ దగ్గరికే వెళ్తుంది.

మాడిన పోహా పక్కన పెట్టి అత్తకు ఫోన్ చేశాను. టీవీలో చూసింది చెప్పాను. అవతల కత్తెర ఆడుతూనే ఉంది. "మీ మామకు చెప్పకు, మళ్ల ఇంకో కొండకు పడుగు పెడ్తడు" అంది. ఫోన్ పెట్టేశాక గోడ దగ్గరికి వెళ్లి నేనూ ఆ బండ మీద వేలు పెట్టాను. కొంచెం తంబాకు వాసన. అక్కడ కాలం ఏటికింత మంచును ఎత్తుకుపోతోంది. మా ఇంట్లో మాత్రం అది మా అత్త వేలు ఆనిన చోటు దాటి ఒక్క దారమంతైనా వెనక్కి పోలేదు.