రాట్నం మీద నుంచి తీసిన మోటరు

మొన్న నల్లగొండ కంటి దవాఖానకు పోయి తిరిగి వస్తుంటే నకిరేకల్ దగ్గర వాన అందుకుంది. బస్సులో అందరూ కిటికీలు మూసుకునే తొందరలో ఉంటే, నేను ముందు సీట్లో కూర్చొని, డ్రైవరు ఎదుట అద్దం మీద అటూ ఇటూ ఊగుతున్న వైపరును చూస్తూ ఉండిపోయాను. అంత వానను తొట్రుపడకుండా తుడుచుకుంటూ పోయే ఆ చిన్న మోటరు బలం నాకు బాగా తెలుసు. అలాంటిదాన్నే ఒకప్పుడు వెతికి వెతికి ఎంచుకున్నాను. దేనికోసం ఎంచుకున్నానో నలుగురికీ చెప్పుకోవడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.

మాది నేతవాళ్ళ ఇల్లు. నేను మగ్గం వదిలి లైన్‌మన్‌గా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా స్తంభాలు ఎక్కి దిగి, తెలంగాణ వచ్చిన మరుసటేడు రిటైరయ్యాను. నా భార్య మాత్రం ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టడం మానలేదు. రాట్నం ముందు కూర్చొని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో నూలు పట్టి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు పొద్దంతా దారం చుట్టేది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, నేను, ఆ రాట్నం.

నా వయసు వాళ్ళకు బొగ్గు ఇంజను గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు సెలవులకు పాలమూరులో మేనమామ ఇంటికి పోతే, స్టేషను కంచె పట్టుకొని, బయలుదేరేటప్పుడు అది బరువుగా, ఒక్కొక్క అడుగే వేసినట్టు కదలడం చూస్తూ అన్నం వేళ కూడా మరిచిపోయేవాణ్ణి. పనిలేని చేతులు ఊరుకోవు కాబట్టి, మా బాపు మగ్గం విప్పినప్పుడు మిగిలిన టేకు చెక్కతో, రిటైరయిన ఏడాదే, రెండు మూరల పొడవు ఇంజను ఒకటి చెక్కడం మొదలుపెట్టాను. చక్రాలు, పొగగొట్టం, చక్రాలను కలిపే కడ్డీలు అన్నీ కుదిరాయి కానీ, దాన్ని నడిపే మోటరే కుదరలేదు.

పాడైన మిక్సీ మోటరు బాగుచేసి పెట్టి చూస్తే, అది అరిచిన అరుపుకు పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చింది. బొమ్మ కార్లలో ఉండే మోటర్లు చెక్క బరువుకు గిలగిలలాడి ఆగిపోయాయి. కుట్టుమిషను మోటరు వేగంగా పోయేది తప్ప మెల్లగా లాగమంటే లాగేది కాదు. నాకు కావలసింది పరుగు కాదు, ఆ బరువైన మొదటి కదలిక. చివరికి హైవే మీద పాత బండ్ల సామాను అమ్మే ముసలి చాచా, లారీ నుంచి తీసిన వైపరు మోటరు చేతిలో పెట్టి, "జర మెల్లగ తిరుగుతది సాబ్, గని ఆపుదామన్నా ఆగది" అన్నాడు.

అప్పటికి ఇంజను అడుగుభాగం ఇంకా పూర్తి కాలేదు. మోటరు గంటల తరబడి నడిస్తే వేడెక్కుతుందా, బరువు లాగుతుందా చూడాలి. ఎదురుగా రాట్నం కనబడింది. చక్రం ఇరుసుకు మోటరు బిగించి, బ్యాటరీ తగిలిస్తే, అచ్చంగా ఆమె చేయి తిప్పినంత వేగంతోనే తిరిగింది. నా భార్య గబగబా వచ్చి ఎడమచేత్తో నూలు అందుకుంది.

నాలుగు రోజులు ఆ రాట్నం దానంతటదే తిరిగింది. ఆమె కుడిచేయి ఒళ్ళో పెట్టుకొని కండెలు చుట్టింది. చక్రం తిప్పీ తిప్పీ భుజం నుంచి రెక్కంతా గుంజుతోందని, మోటరు పెట్టమని ఆమె నన్ను ఎన్నేళ్ళుగా అడుగుతున్నదో నేను లెక్కపెట్టుకోలేదు. ఊళ్ళో ఎవరి ఇంట్లో కరెంటు పోయినా నిచ్చెన భుజాన వేసుకొని పోయినవాణ్ణి. మూడో రోజు వాకిట్లో పక్కింటి వదినతో ఆమె అంటున్న మాట నా చెవిన పడింది. "మా ఇంటాయనకు ఇన్నాళ్ళకు నా రెక్క యాదికొచ్చిందక్కా!" ఆ గొంతులో అంత సంతోషం నేను అరుదుగా విన్నాను. బయటికి వచ్చి నిజం చెప్పవచ్చు. లేదా ఆ మాటనే నిజం చేయవచ్చు. నేను రెండూ చేయలేదు.

అయిదో రోజు ఆమె కండెలు ఇచ్చి రావడానికి పోయినప్పుడు మోటరు విప్పి ఇంజనుకు బిగించాను. తిరిగొచ్చి ఉత్త రాట్నాన్ని చూసింది.

"గిదేంది, తీసినవ్?"

"ఇంజనుకు తెచ్చిన. నీకింకోటి తెస్త తియ్."

"గా కట్టె బండికి రెక్కలు గుంజుతయా?" అన్నది. అంతే. చీర సర్దుకొని కూర్చొని, చక్రం మీద చేయి వేసింది.

మరునాడు పక్కింటి వదిన గడపలో నిలబడి, "ఏం మరిదీ, ఊరందరికి కరెంటిచ్చినోనివి, ఇంట్ల మోటరు కాలవెట్టుకున్నవంట!" అని పకపకా నవ్వింది. మోటరు కాలిపోయిందని నా భార్యే చెప్పిందట. నా పరువు పోకుండా ఆమె ఆడిన ఆ అబద్ధం చాటున నిలబడి నేనూ నవ్వాను.

ఇంజను ఎంత చక్కగా నడిచిందో చెప్పలేను. చిన్నప్పుడు చూసినట్టే బరువుగా కదిలి, అరుగు పొడవునా వేసిన పట్టాల మీద నిదానంగా పోయింది. కానీ ఎవరికి చూపించను? చూసినవాళ్ళు మోటరు ఎక్కడిదని అడిగితే ఆమె చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. అందుకే పట్టాలు లోపలి గదిలోకి మార్చి, తలుపు దగ్గరగా వేసి ఒక్కణ్ణే నడుపుకొన్నాను. ఆమె ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు, నేను రమ్మని పిలవలేదు. నాలుగు రోజులకే సరదా తీరిపోయింది.

ఇంకో మోటరు తెస్తానన్న మాట ఈ నెలా వచ్చే నెలా అంటూ వాయిదా పడింది. చాచా దుకాణం ముందు నుంచి ఎన్నోసార్లు పోయాను, దిగలేదు. రెండేళ్ళకు ఆమె చేయి భుజం దాటి పైకి లేవడం మానేసింది, ఆమె రాట్నం మానేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు జ్వరం పేరుతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు. రెక్కకూ జ్వరానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నిజమే కావచ్చు, ఆ మాట పట్టుకొని నేను తప్పించుకోలేను.

ఇప్పుడు మా వాడలో చేత్తో తిప్పే రాట్నం ఒక్కటీ లేదు. అన్నిటికీ మోటర్లు వచ్చాయి, ఆడవాళ్ళ భుజాలకు తెరిపి దొరికింది, అది మంచి మార్పే. పొద్దున లేస్తే ప్రతి ఇంటి నుంచీ ఒకేరకమైన రొద, ఎక్కడా తెగకుండా వస్తుంది. చేతి రాట్నం అలా తిరిగేది కాదు. తిరిగి తిరిగి, చేయి పట్టేసినప్పుడు కొంచెంసేపు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. నేను అవతలి గదిలో చెక్క చెక్కుకుంటూ కూర్చున్నా, అది ఆగినప్పుడల్లా నాకు వినబడేది. ఎందుకు ఆగిందో కూడా తెలిసేది. మళ్ళీ తిరిగేదాకా చెవి అటు పెట్టి, తిరగడం మొదలుకాగానే నిమ్మళంగా నా పనిలో పడేవాణ్ణి.