ఓదెలు కాగితంలో ప్లే డే

మా గోదావరిఖనిలో పుట్టిన ‘ప్లే డే’ అనే మాట ఒక ఇంగ్లిష్ నిఘంటువులోకి ఎక్కింది. అది ఒక రిటైర్డ్ మేనేజర్ గారి చలవేనని ఇక్కడ అందరూ చెబుతారు. పేపర్లో ఆయన ఫొటో కూడా పడింది. ఆయన పాండిత్యంతో నాకు తగవు లేదు. కానీ ఆ మాట కాగితం మీదికి దిగింది 2017లో, నా డీటీపీ షాపులో, ఏడో తరగతి చదివిన ఓదెలు నోటి నుంచి. అంతకు పది రోజుల ముందు దాన్ని కాగితంలోంచి తీసేసింది నేను.

ముందు నా పని చెప్పాలి. ఎమ్మే ఇంగ్లిష్ చదివి, లెక్చరర్ పోస్టు కోసం కొన్నేళ్లు తిరిగి, విసుగొచ్చి చౌరస్తా దగ్గర టైపు, డీటీపీ షాపు పెట్టాను. పెళ్లిపత్రికలు, బయోడేటాలు చేస్తానుగానీ నా పేరు నిలబడింది ఎక్స్‌ప్లనేషన్ల మీద. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసే మనిషి చెప్పకుండా మానేస్తే కంపెనీ ఛార్జిషీటు ఇస్తుంది. దానికి అతను రాసిచ్చే జవాబే ఎక్స్‌ప్లనేషన్. తర్వాత ఒక ఆఫీసరు ముందు ఎంక్వైరీ జరుగుతుంది. అక్కడ మాట నిలవకపోతే ఉద్యోగం పోతుంది. ఆ జవాబు తెలుగులో ఇస్తే తీసుకోం అని ఎవరూ అనలేదు. కానీ ఇంగ్లిష్ కాగితానికి బరువెక్కువని మా వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం మీదే నా షాపు నడిచింది, దాచడమెందుకు.

ఓదెలు సపోర్ట్‌మన్. బాయి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు, బోల్టులు నిలబెట్టే పని. ఛార్జిషీటు పట్టుకుని వచ్చేనాటికి అతని మస్టర్లు, అంటే హాజరీలు, ఆ ఏడాది మరీ తక్కువ పడ్డాయి. కారణం అడిగితే తల్లి లేని తనను పెంచిన అక్క గురించి చెప్పాడు. ఆమెకు కిడ్నీలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో మంచిర్యాల దవాఖానలో డయాలసిస్. తీసుకుపోవడానికి ఇతను తప్ప ఎవరూ లేరు. భార్య అయితే కంపెనీ దవాఖానలోనే చూసేవారు, కాగితాలన్నీ అక్కడే ఉండేవి. అక్క కంపెనీ జాబితాలో లేదు.

“ఆదివారం డయాలసిస్ లేదు గదక్కా. అందుకే ప్లే డేకు పోతున్న. గా ముచ్చట తప్పకుండ రాయి,” అన్నాడు. నన్నూ అక్కా అనే పిలుస్తాడు.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. వారాంతపు సెలవునాడు పనిమీద పిలిస్తే దాన్ని మా దగ్గర ప్లే డే అంటారు. ఆ రోజుకు జీతం రెట్టింపు. బొగ్గు తీయడం ఆగే రోజు గనక సపోర్ట్ పనివాళ్లకు పిలుపు ఎక్కువ. ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. కానీ నా ఎమ్మే దాన్ని ఒప్పుకోలేదు. అది ఇంగ్లిష్ కాదు, బొగ్గుబాయి ఇంగ్లిష్ అని నా అభిప్రాయం. ఆ మాటతోపాటు ఆ వాక్యమే ఎత్తేశాను. అక్క సంగతిని ‘అనివార్యమైన కుటుంబ పరిస్థితులు’ అని ఇంగ్లిష్‌లో చక్కగా తిప్పాను. నిండా ఒక పేజీ. పూర్తయ్యాక చదువుకుని మురిసిపోయాను కూడా.

ఎంక్వైరీ రోజు సాయంత్రం ఓదెలు షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఏమన్నడు ఎంక్వైరీ సారు?” అని నేనే అడిగాను.

“ఈ ఇంగ్లిష్ నీదేనా అన్నడు. అవునన్న. అయితే ఈ లైను చదివి అర్థం చెప్పు అన్నడు. నాకేమెరుక?”

“ఇంటి ఇబ్బందులని చెప్పొద్దా?”

“చెప్పిన. ఏం ఇబ్బందులు, కాగితంల లేదు గదా అన్నడు. మామూలు దినాలు డుమ్మా కొట్టి, రెట్టింపు జీతమున్న ఆదివారాలు మాత్రం వచ్చినవేంది, నీకు పైసల మీద ఉన్న ప్రేమ పని మీద లేదా అన్నడు. నేను అక్క సంగతి తీసిన. ఇప్పుడు అల్లి చెప్తున్నవ్, నిజమైతే అప్పుడే రాసేవాడివి గదా అన్నడు.”

“నేను రాసింది తప్పేం లేదు ఓదెలూ. మర్యాదగ రాసిన.”

“మర్యాదగనే ఉందక్కా. కానీ నా కాగితంల నేను లేను.”

ఊరుకునే మనిషిని కాను కాబట్టి సారును నాలుగు తిట్టాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయనకు మా సంగతులేం తెలుసన్నాను. ఓదెలు తల అడ్డంగా ఊపాడు. “గాయన మంచిగనే ఉన్నడు. వారం టైమిచ్చిండు, మళ్ల రాసుకొని రమ్మన్నడు. ఈసారి తప్పితే మాత్రం కొలువు పోతది.”

“తెలుగుల రాద్దాం పా. నువ్వు చెప్పు, నేను కొడ్త.”

“ఇంగ్లిష్‌లనే ఉండాలె. నాకొచ్చిన ఇంగ్లిష్‌ల.”

“నీకెక్కడిది ఇంగ్లిష్?”

“ఇరవై ఏండ్ల సంది బాయిల దిగుతున్న. మా పని చూసే ఓవర్‌మన్ సారుతోని రోజూ మాట్లాడ్త. నువ్వు కొట్టు, నేను చెప్త. నడుమల దిద్దద్దు.”

దిద్దకుండా కొట్టడం ఎంత కష్టమో టీచర్లకు తెలుస్తుంది. ‘మండే, వెన్స్‌డే, ఫ్రైడే సిస్టర్ డయాలసిస్. సండే నో డయాలసిస్, సో ఐ కేమ్ ప్లే డే’ అన్నాడు. ‘ప్లే డే’ దగ్గర నా వేళ్లు ఆగాయి. అతను తెరవైపు చూసి, “గదే, గదే కొట్టు,” అన్నాడు. మొత్తం పదకొండు లైన్లు వచ్చాయి. దవాఖాన చీటీల జిరాక్సులు తేదీల వరుసన వెనక కుట్టాం. ఆ తేదీలూ అతను మానేసిన తేదీలూ ఒకటే.

రెండో ఎంక్వైరీలో సారు ఏ లైను అడిగినా ఓదెలు జవాబు చెప్పాడట. చివర్న, మీ అక్క పేరేమిటని సారు అడిగాడట. ఉద్యోగం నిలబడింది. వార్నింగ్ ఇచ్చి వదిలేశారు.

నిఘంటువు సంగతి రెండేళ్ల కిందటిది. నాతో చదువుకున్న ఒక లెక్చరర్ ఫోన్ చేసి, ఒక ప్రచురణ సంస్థ ప్రాంతాల ఇంగ్లిష్ మాటలు సేకరిస్తోందని చెప్పింది. నేను వరసగా ఇరవై మాటలు పంపాను. అక్కడి సంపాదకురాలు ఫోన్‌లో చాలా మర్యాదగా, “జనం అంటారంటే చాలదండీ, ఎవరైనా వాడి రాసిన కాగితం కావాలి,” అంది.

కాగితాలకేం కొదవ, నా కంప్యూటర్ నిండా అవే అనుకున్నాను. రెండు రోజులు వెతికాను. ప్లే డేకు వెళ్లినవాళ్లు వందల్లో ఉన్నారు. ఆ మాట మాత్రం ఎక్కడా లేదు. ఒకచోట ‘వీక్లీ రెస్ట్’, ఒకచోట ‘హాలిడే’, చాలాచోట్ల ఏమీ లేదు. ఓదెలు తర్వాతివి తెలుగు కాగితాలు, ముందువన్నీ నా దిద్దుబాట్లే. ఆ మాట మిగిలిన ఫైలు ఓదెలుది ఒక్కటే.

అడగకుండా పంపడం న్యాయం కాదని ఓదెలు ఇంటికి వెళ్లాను. అక్క అంతకుముందు ఏడాదే పోయింది. విషయం విని నవ్వాడు.

“నా పేరేస్తరా?”

“వెయ్యరు. ఆ లైను ఒక్కటే వేస్తరు.”

“అక్క ముచ్చట తీసేస్తరా?”

“తీసెయ్యమంటవా?”

“వద్దు. అక్క లేకుంటే నేను ఆదివారం ఎందుకు పోయిన్నో ఎవరికి సమజైతది?”

కొత్త కూర్పు వచ్చింది. అర్థం కింద ఉదాహరణగా ఆ వాక్యం ఉంది, అతను చెప్పినట్టే. ఆ తర్వాతే రిటైర్డ్ మేనేజర్ గారు, ఆ మాట పుట్టుక గురించి తాను ఏనాడో ఒక సభలో చెప్పానని వ్యాసం రాశారు. చెప్పే ఉంటారు. రాసి మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి ఆయన ముందే అన్నాను.

ఓదెలు కేసు తర్వాత నా పద్ధతి మారింది. కాగితం ఎవరిదో వాళ్లకు చదివి వినిపిస్తాను, ప్రతి లైనూ వాళ్లు తిరిగి చెప్పగలిగితేనే ప్రింట్ తీస్తాను. దీనికి గిరాకీ కొంత తగ్గింది, పక్క షాపులో ఇంకా బరువైన ఇంగ్లిష్ దొరుకుతోంది గనక.

నిఘంటువు నన్ను పెద్దగా సంతోషపెట్టలేదు. వెతికిన ఆ రెండు రోజులే గుర్తొస్తాయి. ఓదెలు తిరిగొచ్చి నిలదీశాడు కాబట్టి నా కాగితమే అతన్ని ఇరికించిందని నాకు తెలిసింది. ఉద్యోగం పోయినవాళ్లు మళ్లీ నా షాపు మెట్లెక్కరు. వాళ్లకు మళ్లీ రాసుకునే వారం గడువు దొరికిందో లేదో తెలియదు. ఓదెలుకు ముందు నేను మర్యాదగా రాసిచ్చిన ఆ కాగితాలు పట్టుకుని ఎంక్వైరీకి వెళ్లి, ఈ లైనుకు అర్థం చెప్పమంటే నోరు మెదపలేక, చేతులు కట్టుకుని బయటికొచ్చినవాళ్లు ఎంతమంది?