దారిలో మార్చిన మాట

నా చిన్నప్పుడు మా నాన్న, మా పెద్దమ్మ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నా మాటలన్నీ నా ద్వారానే నడిచేవి. “మీ నాన్నతో చెప్పు, టీ చల్లారిపోతోందని” అని ఆవిడ అనేది. “మీ పెద్దమ్మతో చెప్పు, నాకు కళ్ళున్నాయని” అని ఆయన అనేవాడు. ఇద్దరికీ వినపడేవే అవి. అయినా నేను మళ్ళీ అప్పజెప్పాలి, లేకపోతే విననట్టే కూర్చునేవారు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. సమాయిల్ అనే ఊళ్ళో ఆస్పత్రి నర్సు. అమ్మ మేముండే మస్కట్‌లో నర్సు. అక్కడే రూవి పేటలో ఒక కంపెనీ స్టోర్‌లో నాన్నకు ఉద్యోగం ఇప్పించింది పెద్దమ్మే. ఇప్పించి ఊరుకుంటే బాగుండేది. ఒక శుక్రవారం ప్రార్థన కూటమిలో పదిమంది ముందు, “నేను చెప్పబట్టే కదా తీసుకున్నారు” అనేసింది. అంతే, ఆ రోజు నుంచి నాకు ఈ డ్యూటీ పడింది. ఏడాది పాటు అడకత్తెరలో పోకచెక్కనై బతికాను. అప్పటికి నాకు పదేళ్ళు, కోపం మాత్రం ఇద్దరిదీ కలిపి వచ్చింది.

ఈద్ సెలవులకు అమ్మ ఒక ఉపాయం పన్నింది. పులిహోర కలిపి, గుడ్లు ఉడకబెట్టి, అందరం కలిసి సమాయిల్ అవతల కొండ మీదున్న పాత మట్టి ఊరు చూసొద్దామంది. కొండ ఎక్కేటప్పుడు మనుషులు చెయ్యి అందించుకోక తప్పదని ఆవిడ నమ్మకం. కారులో గంటన్నర ప్రయాణం. సమాయిల్‌లో పెద్దమ్మను ఎక్కించుకున్నాక నాన్న కిటికీ అద్దం దించి, వేడి గాలి మా ముఖాన కొట్టినా మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఊరు మమ్మల్ని రమ్మన్నట్టు ఏమీ లేదు. కింద ఖర్జూరపు తోటలు పచ్చగా ఉన్నాయి కానీ, పైన ఉన్నవి తలుపుల్లేని గోడలు, కాలు పెడితే జారే రాళ్ళు. చెట్టన్నది లేదు. నాన్న కావాలనే గబగబా ముందుకు వెళ్ళిపోయాడు. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని అమ్మతో వెనక వస్తోంది. మధ్యలో నేను, పైకీ కిందికీ. మొదట పెద్దమ్మ ఒక తువ్వాలు ఇచ్చి, నాన్నను తలకు చుట్టుకోమని చెప్పమంది. నాన్న దాన్ని తీసుకోకుండా, “ఇది ఆస్పత్రి వార్డు కాదని చెప్పు” అన్నాడు. కిందికొచ్చి చెప్తే పెద్దమ్మ నా నెత్తిన మొట్టి, “చెప్పమన్నవన్నీ చెప్పేస్తావా?” అంది. తువ్వాలు నా మెడలో వేసుకున్నాను. ఇద్దరి మీదా అసహ్యం పుట్టింది నాకు, నిజం చెప్తున్నాను.

అంతలో నాన్న ఒక ఇంటి గోడ పక్కన మెట్ల మీద నిలబడి, మిద్దె మీదికి చూస్తున్నాడు. పెద్దమ్మ కింది నుంచి అది చూసి నా చెయ్యి పట్టుకుంది. “పరిగెత్తు. మిద్దె మీద కాలు పెట్టొద్దని చెప్పు. అవి ఖర్జూరం దూలాలే, పైకి బాగానే ఉంటాయి, లోపల పుచ్చిపోతాయి. ఇలా పడ్డవాళ్ళని నేను వార్డులో చూశాను.” ఈసారి ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అది నాకు తెలిసింది కూడా.

రొప్పుతూ పైకి వెళ్ళాను. “ఏమంటోంది?” అన్నాడు నాన్న. “నువ్వు ఎక్కలేవంట” అన్నాను.

వాళ్ళిద్దరూ ముఖాముఖి తిట్టుకోవాలి, నన్ను వదిలెయ్యాలి అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. నాన్న నా వైపు ఒకసారి చూసి, నాలుగు మెట్లు ఎక్కి మిద్దె మధ్యదాకా నడిచాడు. కప్పు విరిగిన చప్పుడు పెద్దగా లేదు. దుమ్ము లేచింది, నాన్న కనిపించలేదు.

పొద్దుటి నుంచీ మోకాళ్ళు పట్టుకుని నడిచిన మనిషి మా అందరికంటే ముందు గుమ్మంలోంచి లోపలికి దూరింది. నాన్న విరిగిన దూలాల మధ్య పడి ఉన్నాడు, ఎడమకాలు వంకర తిరిగింది. ఏడాదిలో మొదటిసారి ఆవిడతో నేరుగా మాట్లాడాడు. “ఇప్పుడు సంతోషమేనా వదినా? ఎక్కలేనని కబురు పంపారుగా.”

పెద్దమ్మ తలెత్తి నన్ను చూసింది. నేను నేలచూపులు చూశాను. ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు. “ఔను, అన్నాను. తప్పే. కాలు కదపకండి” అంది. నా మెడలోని తువ్వాలు లాక్కుని, కప్పులోంచి రాలిన ఖర్జూరపు మట్టలు రెండు పక్కలా పెట్టి కట్టు కట్టింది. తోటల్లో పని చేసేవాళ్ళు వచ్చి నాన్నను మోసుకెళ్ళారు.

ఆస్పత్రి వరండాలో పెద్దమ్మ చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. “మీ నాన్నతో బతకాల్సింది నువ్వు. నాదేముంది, సమాయిల్‌లో పడి ఉంటాను” అంది. తర్వాత, “ఇంకెప్పుడూ ఎవరి మాటా మొయ్యకు. నాది కూడా” అని కుళాయి కట్టేసి వార్డులోకి వెళ్ళిపోయింది.

నాన్న ఆ తర్వాత కాలు కొద్దిగా ఈడ్చి నడిచేవాడు. పెద్దమ్మ మా గడప తొక్కడానికి వీల్లేదన్నాడు. అమ్మ కూడా అక్కనే తప్పుపట్టింది. ఆవిడ ఉద్యోగం ముగించుకుని ఇండియా వెళ్ళిపోయిన రోజు విమానాశ్రయానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. నోటిదాకా వచ్చిన మాటను నోట్లోనే మింగాను. పిరికిదాన్ని. పెద్దమ్మ చివరికి ఆ నిందతోనే చనిపోయింది.

నేనూ నర్సునయ్యాను, ఈ దేశంలోనే. ఇప్పుడు నా పిల్లలు అలిగి, “అన్నతో చెప్పమ్మా” అంటే నేను కదలను. నోరుంది కదా, వెళ్ళి చెప్పుకో అంటాను. నాకు జాలి లేదని అనుకుంటారు.

నాన్న మంచం పట్టాక చెప్పాను, ఆ రోజు మాట మార్చింది నేనేనని. చాలాసేపు ఎడమకాలు నిమురుకున్నాడు. నన్ను తిట్టలేదు. పాత అలవాటున నా వైపు తిరిగి, “మీ పెద్దమ్మతో చెప్పు...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్ళు.

ఎవరి మాటా మొయ్యొద్దన్న పెద్దమ్మ మాట నేను ఇప్పటికీ దాటలేదు. నాన్న ఆపేసిన ఆ సగం మాట ఒక్కటే నా దగ్గర ఉండిపోయింది.